తొంభై పాళ్లు నీళ్లే

యశ్వంతపురంలో రాత్రి రెండుంబావు.
ల్యాబులో నేను, మైక్రోస్కోపు,
ఎవరో మర్చిపోయిన డబ్బాలో
పుల్లబడుతున్న చిత్రాన్నం.

గాజు పలకల మధ్య ఒక చుక్క.
జెలటిన్, డెక్స్‌ట్రాన్, నీళ్లు.
నలభై అయిదు డిగ్రీల దగ్గర మూడూ ఒక్క మాట మీదుంటాయి.
చూడ్డానికి ఏమీ ఉండదు.
ఆ ఏమీ లేకపోవడాన్నే నాలుగు నెలలుగా
ఫోకస్ చేయడం నేర్చుకున్నాను.

నిద్రపోయిన పిల్ల గుప్పిట్లోంచి బొమ్మ తీసినట్టు
డిగ్రీ డిగ్రీ దించుతాను.
ముప్పై ఎనిమిది. ముప్పై ఏడు.
ఇంకా ఏమీ లేదు.

ఎక్కడ మొదలైందో చూపించమంటే చూపించలేను.
విత్తనం లేదు, పగులు లేదు,
ఫలానావాడు ముందు పక్కకి జరిగాడని చెప్పడానికి లేదు.
చుక్కంతా ఒకేసారి సందేహంలో పడింది.
పొగమంచు మీద పొగమంచుతో రాసినట్టు
రంగు తేలని చారలు,
కాసేపటికి నలుపు, కాసేపటికి తెలుపు.

"ద్వేషం అనుకోకు," అంటుంది మా గైడు బొళ్లమ్మ మేడం, కొడగు మనిషి.
"పక్కవాడికన్నా తనవాడు పిసరంత నయమనిపించింది, అంతే.
గొలుసు పొడుగు కదా,
ఆ పిసరుని లింకు లింకుకీ కూడుకుంటూ పో."

అక్కడినుంచి అంతా అంచుల లెక్క.
అంచు పెట్టుకోవడం ఖర్చు.
చిన్నవి కరిగి పెద్దవాటిలోకి పోతాయి,
సన్నటి మెడలు తెగుతాయి.
తొందరేం లేదు,
చార రెండింతలు లావెక్కాలంటే
ఎనిమిదింతల సేపు పడుతుంది.
అలా వదిలేస్తే ఎప్పటికో
ఇదొక పక్క, అదొక పక్క, మధ్య ఒక్క గీత,
పరీక్షలో పిల్లలు గీసే బొమ్మలా.

రెండూ నలభైకి కరెంటు పోయింది.

జనరేటరు అందుకునేసరికి పదకొండు నిమిషాలు.
వాచ్‌మన్ తిప్పేస్వామి టార్చితో మెట్లెక్కి వచ్చి
"ఏం మేడమ్మా, హోయ్తా?" అన్నాడు.
"పోయింది, ఎల్లా హోయ్తు" అన్నాను,
సగం నా మాట, సగం ఆయన మాట,
అన్నాక గానీ వినపడలేదు నాకు.

హీటరు చల్లారింది.
తెరిచిన కిటికీలో డిసెంబరు తన పని తను చేసుకుపోయింది.
నాలుగు నెలల్లో మొదటి మంచి రన్.
ఏడుద్దామనుకున్నాను, చీకట్లో టిష్యూ దొరకలేదు.

లైటొచ్చాక కన్ను పెడితే చారలు కదలడం లేదు.
విడిపోతూ విడిపోతూ మధ్యలో
జెలటిన్ గడ్డకట్టింది.
మర తిప్పుతూ లోతుకి దిగాను.
నల్లదారి ఈ కొసనుంచి ఆ కొసకి ఎక్కడా తెగలేదు.
తెల్లదారీ తెగలేదు.
ఒకదాని కిందనుంచి ఒకటి దూరి,
ఎవరి తోవన వాళ్లు, ఒకరిలో ఒకరు.

మొన్న ఆదివారం ఉల్లిపాయల మార్కెట్లో
ఈ చివరనుంచి ఆ చివరిదాకా
నేను తెలుగులోనే నడిచాను.
నా వెనకే సంచీ పట్టుకుని తిప్పేస్వామి భార్య
కన్నడంలోనే నడిచింది.
ఇద్దరికీ అర కిలో తక్కువే తూచారు.

మాది మడకశిర. మూడు పక్కలా కర్ణాటక.
జనాభా లెక్కలతను మాతృభాష ఏదంటే
మా అవ్వ "ఇంటి మాట" అందిట.
ఆయన గడిలో ఏం రాసుకున్నాడో.
అంచు ఖర్చని మాకెవరూ చెప్పలేదు.

పొద్దున్నే మేడం వచ్చి, చెవిరింగు తీసి బల్ల మీద పెట్టి,
చాలాసేపు చూసింది.
"పాడైంది మేడం," అన్నాను.
"నల్లచారలో ఏముంటుంది?"
"జెలటిన్."
"తూచావా ఎప్పుడైనా? తొంభై పాళ్లు నీళ్లే.
తెల్లదాంట్లోనూ అంతే.
మిగిలిన పదిపాళ్ల దగ్గరే ఈ రభసంతా."

తర్వాత, కన్ను తీయకుండానే,
"ఎంత వేగంగా చల్లారింది?"
"రాయలేదు. చీకటి."
"అయితే మళ్లీ చెయ్యి," అంది.

ఈ రాత్రి తిప్పేస్వామి మెయిన్ స్విచ్ దగ్గర నిలబడతాడు.
రెండూ నలభైకి నేను కిందికి కేకేస్తాను.
ఏ భాషలోనో ఇంకా అనుకోలేదు.